మాట వినని పిల్ల

రేపల్లెలో రైలు పట్టాలు అయిపోతాయి. తెనాలి నుంచి వచ్చే బండి అక్కడ ఆగి, ఇంజను ఈ చివర నుంచి ఆ చివరకు మార్చుకుని, మళ్లీ తెనాలికే పోతుంది. ఎనభైల చివర్లో నేను ఆ స్టేషన్లో బుకింగ్ క్లర్కును. అట్ట టిక్కెట్టు తీసి, తేదీ మిషన్లో టక్కుమని కొట్టి, కిటికీలోంచి ఇవ్వడం నా పని. స్టేషను పక్కనే రెండు గదుల క్వార్టర్లో నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ ఉండేవాళ్లం.

అమ్మాయికి నాలుగేళ్లు నిండేసరికి "ఎక్కడ వేస్తున్నారండి?" అని అడగనివాళ్లు లేరు. చిల్లర కోసం కిటికీలో చెయ్యి పెట్టినవాళ్లు కూడా అడిగేవారు. అప్పట్లో మా వైపు ప్రైవేటు స్కూలు అనే మాట ఎవరూ వాడేవాళ్లు కాదు. ఎవరు పెట్టినా, మేడ మీద పెట్టినా, పెంకుటింట్లో పెట్టినా అది కాన్వెంటే. టై, బెల్టు, నల్ల బూట్లు, రిక్షాలో ఎదురెదురుగా కూర్చున్న ఎనిమిది మంది పిల్లలు, పక్కన వేలాడే నీళ్ల సీసాలు. వాళ్లు పోతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసేది. తను చదివింది ఏడో తరగతి దాకా, అదీ ఉర్దూ మీడియంలో. నేను తెలుగు మీడియం. ఇద్దరికీ రాని ఇంగ్లీషు ఈ పిల్లకైనా రావాలన్నది తన పట్టుదల.

మా ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు. మా ఆవిడ పిల్లతో ఉర్దూ మాట్లాడుతుంది, నేను రెండూ కలిపేస్తాను. పిల్ల మాత్రం రెండింట్లోనూ తక్కువే మాట్లాడేది. "పానీ", నన్ను పిలిచే "అబ్బా", "బండి", "కావాలి" లాంటి ఇరవై, పాతిక మాటలు. అవి కూడా ముద్దముద్దగా. "రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు మాట ఆలస్యమేనండి" అన్నారు స్టేషన్‌మాస్టరు గారు. అందరికీ అది సబబుగానే తోచింది, మాతో సహా.

మొదట తెనాలి తీసుకెళ్లాం. అక్కడ పేరున్న ఇంగ్లీషు మీడియం స్కూలు ఒకటి. అందులో సీటొస్తే పిల్ల జీవితం ఒడ్డున పడ్డట్టేనని అందరూ అనేవాళ్లు. తెల్లవారుజామునే మా ఆవిడ పిల్లకు కొత్త గౌను వేసి, రెండు జడలు బిగించి, బండిలో దారి పొడుగునా నేర్పింది. "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడిగితే ఏం చెప్పాలో, రంగులు చూపిస్తే ఏమనాలో. పిల్ల అమ్మ ఒళ్లో కూర్చుని, అమ్మ మొహంలోకి చూస్తూ అన్నీ తిరిగి చెప్పింది. వేమూరు దాటేసరికి "రెడ్డు, గ్రీను, ఎల్లో" మూడూ వచ్చేశాయి. మా ఆవిడ మొహం వెలిగిపోయింది.

ప్రిన్సిపాల్ గది పెద్దది. బల్ల వెడల్పు. పైన ఫ్యాను గరగరమని తిరుగుతోంది. ఆయన మర్యాదస్తుడు, మమ్మల్ని కూర్చోమని, పిల్లను నవ్వుతూ పలకరించాడు. పేరు అడిగాడు. పిల్ల కూడా నవ్వింది. మళ్లీ అడిగాడు. మళ్లీ నవ్వింది. తెలుగులో అడిగాడు. ఆయన తల వంచి కాగితం చూస్తూ అడుగుతున్నాడు, పిల్లేమో బల్ల మీద గాజు గోళాన్ని చూస్తోంది. రంగుల పుస్తకం తెరిచి ఏదో అన్నాడు. పిల్ల పేజీ తిప్పింది.

"ఇంట్లో ఏం మాట్లాడతారండీ?" అని నన్నడిగాడు.

"ఉర్దూ అండి. తెలుగు కూడా."

"అదన్నమాట" అన్నాడు జాలిగా. "భాష సమస్య. ఒక సంవత్సరం ఆగి తీసుకురండి. ఈలోగా ఇంట్లో తెలుగో, ఇంగ్లీషో ఏదో ఒకటే మాట్లాడండి."

ఇంటికొచ్చాక మా ఆవిడ, కొత్త గౌను విప్పుతూ, పిల్ల వీపు మీద ఒక్కటి వేసింది. బండిలో అన్నీ చెప్పి అక్కడ నోరు తెరవలేదని. ఆ రోజు నుంచి నాకు కూడా పిల్ల మీద ఒక రకమైన కోపం పట్టుకుంది. తెలిసి కూడా చెప్పదు, మొండిది, అని.

తర్వాత రేపల్లెలోనే ఒక కాన్వెంటులో వేశాం. ఒకాయన తన మేడ మీద హాల్లో పెట్టాడు. ఒకే హాల్లో మూడు తరగతులు, మూడు మూలల్లో ముగ్గురు టీచర్లు. మా అమ్మాయి టీచరు ఇంటర్ పాసైన చిన్నపిల్ల, మంచి అమ్మాయి, పిల్లలంటే ప్రాణం. కానీ వారం వారం ఒకటే చెప్పేది.

"అంకుల్, పాప అసలు మాట వినదండి. కూర్చోమంటే కూర్చోదు, రమ్మంటే రాదు. దగ్గరకెళ్లి చెయ్యి పట్టుకుంటే అప్పుడొస్తుంది."

మాట వినదు. కాన్వెంటులో విన్నాం, ఇంట్లో మేమూ అనుకున్నాం. తెలుగులో ఆ మాటకు రెండర్థాలు ఉన్నాయి కదా. మొదటి అర్థం మాలో ఒక్కరికీ తట్టలేదు. తట్టకపోవడానికి ఇంకో కారణం రైలు. బండి కూత వేస్తే చాలు, పిల్ల ఎక్కడున్నా గుమ్మంలోకి పరిగెత్తేది. అంత చెవిగల పిల్లకు వినపడదని ఎవరనుకుంటారు?

ఒక సాయంత్రం పలక మీద అంకెలు దిద్దిస్తూ, నా వైపు చూడమని నాలుగుసార్లు చెప్పాను. పలక మీద నుంచి తల ఎత్తలేదు. లాగి చెంప మీద కొట్టాను. పిల్ల ఏడవలేదు. ఎందుకు కొట్టానో తెలియక నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆ వేసవిలో బాపట్ల వెళ్లాం. మా అత్తగారిది బాపట్ల. రైలు గేటుకు కాస్త ఇవతల చిన్న ఇల్లు, ముందు కుట్టుమిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. సముద్రం గాలికి ఆ ఇంట్లో సాయంత్రాలు చల్లగా ఉండేవి. మా ఆవిడ వాళ్లమ్మ దగ్గర కూర్చుని స్కూళ్ల గోడు వెళ్లబోసుకుంటుంటే, మా అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ, "ఇక్కడ ఒక టీచరమ్మ ఉంది, ఆమెకు చూపించండి" అంది.

ఆమె ఒక మిషన్ ఆడపిల్లల స్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైంది. లూథరన్ క్రైస్తవ కుటుంబం. రిటైరయ్యాక ఊరుకోలేక, తన పొడుగాటి పెంకుటింట్లోనే ఒకటి నుంచి అయిదు దాకా బడి పెట్టింది. వెనక దొడ్లో రెండు తాటాకు పాకలు, వాటిలో చిన్నపిల్లలు. బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పేరు రాసి ఉండేది గానీ, బాపట్లలో అందరికీ అది టీచరమ్మ బడి.

మేం వెళ్లేసరికి సెలవులైనా పదిమంది పిల్లలు పాకలో కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. కాళ్లకు చెప్పులు లేనివాళ్లు కూడా ఉన్నారు. టైలు లేవు, బెల్టులు లేవు. మా ఆవిడ నా చెవిలో, "ఇదేం కాన్వెంటండీ?" అంది.

టీచరమ్మకు అరవై దాటి ఉంటాయి. తెల్ల చీర, నల్లదారం కట్టిన కళ్లద్దాలు. మమ్మల్ని వరండాలో బెంచీ మీద కూర్చోమని, మమ్మల్ని కాక పిల్లను చూడటం మొదలుపెట్టింది. ఏమీ అడగలేదు. పిల్ల వరండాలో తిరిగింది, స్తంభం పట్టుకుని గుండ్రంగా తిరిగింది, మూల ఉన్న మట్టికుండ మీద చెయ్యి వేసింది. నేను ఈలోగా తెనాలి సంగతి, మేడ మీది కాన్వెంటు సంగతి, రెండు భాషల సంగతి చెప్పుకుపోతున్నాను. ఆమె ఊ కొడుతూనే ఉంది కానీ కళ్లు పిల్ల మీదే.

కాసేపటికి లేచి వెళ్లి పిల్ల వెనక నిలబడింది. మామూలు గొంతుతో, "పాపా, బిస్కెట్టు తింటావా?" అంది. పిల్ల తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా అంది. తిరగలేదు. అప్పుడు ముందుకొచ్చి పిల్ల ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కొంగుతో నోరు కప్పుకుని అదే ప్రశ్న అడిగింది. పిల్ల ఆ కొంగు కేసి చూస్తూ నిలబడింది.

"అమ్మా, మీ ఇంట్లో నీళ్లను ఏమంటారు?" అని మా ఆవిడను అడిగింది.

"పానీ అంటామండి."

టీచరమ్మ కొంగు తీసేసింది. గొంతు అసలు వాడకుండా, పెదాలు మాత్రం కదిలించి, "పానీ" అంది. మాకు చప్పుడే వినపడలేదు. పిల్ల గబుక్కున తిరిగి కుండ వైపు వేలు చూపించింది.

పాకలో పిల్లలు అప్పుడు ఏడో ఎక్కం చదువుతున్న సంగతి ఇప్పటికీ గుర్తుంది.

"భాషా కాదు, బుద్ధీ కాదండి" అంది టీచరమ్మ నెమ్మదిగా. "పాపకి సరిగా వినపడటం లేదు. చూశారా, అది నా కళ్లలోకి చూడటంలా. నోరు చూస్తోంది. నాలుగేళ్ల పిల్ల తనంతట తనే పెదాలు చదవడం నేర్చుకుందంటే దాని తెలివి తక్కువదేం కాదు తల్లీ."

మా ఆవిడ "రైలు కూతకు పరిగెడుతుందండీ" అంది. ఆ మాట అంటూనే ఏడవడం మొదలుపెట్టింది.

"పెద్ద చప్పుడు వినపడుతుందమ్మా. మాట వినపడదు. ముందు గుంటూరు తీసుకెళ్లి చెవుల డాక్టరుకు చూపించండి. ఆలస్యం చెయ్యొద్దు. బడి సంగతి తర్వాత చూద్దాం."

సీటు ఇస్తానని గానీ ఇవ్వనని గానీ ఆమె అనలేదు. ఒక చీటీ మీద డాక్టరు గారికి తను చూసింది చూసినట్టు రాసిచ్చింది. ఏ దూరంలో పిలిస్తే పలికింది, ఏ దూరంలో పలకలేదు, ఏ వైపు నుంచి చప్పుడైతే తల తిప్పింది. అరగంటలో ఆమె ఇన్ని ఎప్పుడు గమనించిందా అని నాకు ఆశ్చర్యం. గుంటూరులో డాక్టరు ఆ చీటీ రెండుసార్లు చదివి, "ఇది రాసిందెవరు?" అని అడిగాడు.

రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరి ఉందన్నారు. పసితనం నుంచి వదలని జలుబులు, ముక్కు వెనక కండ పెరగడం. ఆ జలుబులకు మేం వాము వాసన చూపించి ఊరుకున్నాం. మందులు, ఆ తర్వాత చిన్న ఆపరేషను. రైల్వే పాసు రాయించుకుని, పిల్లను భుజాన వేసుకుని, నాలుగైదు నెలలు గుంటూరు చుట్టూ తిరిగాను. కుడి చెవి బాగా వచ్చింది. ఎడమది కొద్దిగానే. దానికి అంతకంటే చేసేది లేదన్నారు.

ఆపరేషను అయిన కొన్నాళ్లకు మా అత్తగారింట్లో ఉన్నాం. ఆవిడ అరుగు మీద చేటలో బియ్యం చెరుగుతోంది. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి చేట పక్కన చతికిలబడి, కుడి చెవి చేటకు ఆనించినంత పని చేసింది. ఆవిడ ఆపితే "ఇంకా" అనేది. మళ్లీ చెరిగితే నవ్వేది. ఆ రోజు ఆవిడ చెరిగిన బియ్యమే మూడోసారి చెరిగింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని చూస్తూ నిలబడింది.

ఇక ఏ స్కూలన్న ప్రశ్న మాకు మిగల్లేదు. మా ఆవిడే అంది, "టైలు లేకపోతే లేకపోయాయి, ఆ టీచరమ్మ దగ్గరే వేద్దాం" అని. కానీ నా ఉద్యోగం రేపల్లెలో, బడి బాపట్లలో. తల్లీపిల్లా బాపట్లలో అత్తగారింట్లో ఉండేట్టు, నేను వారానికొక రోజు వెళ్లేట్టు నిర్ణయించుకున్నాం. స్టేషన్లో తోటివాళ్లు నవ్వారు.

"ఏంటండీ, ఇక్కడ లేని స్కూళ్లా? ఒకటో తరగతికి సంసారం రెండు చేసుకుంటారా ఎవరన్నా?"

తెనాలిలో బండి మారి, నిడుబ్రోలు మీదుగా బాపట్ల చేరడానికి నాకు సగం రోజు పట్టేది. అలా రెండేళ్లు తిరిగాను, బాపట్లకు బదిలీ అయ్యేదాకా.

వెళ్లిన ప్రతిసారీ బడికి పోయేవాణ్ని. టీచరమ్మ తండ్రుల్ని లోపలికి రానిచ్చేది, వెనక బెంచీలో కూర్చోనిచ్చేది. అలా కూర్చుని చూసినవే నేను చెప్పేవి. మా అమ్మాయిని ఎడమ గోడ పక్కన ముందు బెంచీలో కూర్చోబెట్టింది. అక్కడైతే మంచి చెవి తరగతి మొత్తానికి తిరిగి ఉంటుంది. ఆ బడిలో ఇంకో ముగ్గురు టీచర్లు ఉండేవారు. వాళ్లకు ఆమె పెట్టిన రూలు ఒకటే.

"బోర్డుకు పాఠం చెప్పకండమ్మా. పిల్లలకు చెప్పండి. రాసేటప్పుడు రాయండి, తిరిగాక మాట్లాడండి."

వినడానికి చిన్న మాట. చెయ్యడం ఎంత కష్టమో నేను కళ్లారా చూశాను. చాక్‌పీసు చేతిలో ఉంటే నోరు ఆగదు ఎవరికీ. తనే ఒకసారి మరిచిపోయి బోర్డు వైపు తిరిగి మాట్లాడుతూ, మధ్యలో ఆపి, నాలుక కరుచుకుని, తిరిగి మొదటి నుంచి చెప్పింది. ఇదంతా మా ఒక్క పిల్ల కోసం మొదలుపెట్టినా, డిక్టేషన్లో తప్పులు తరగతి అంతటికీ తగ్గాయని మూడో తరగతి టీచరు నాతో అంది.

పిల్లలకు కూడా నేర్పింది. వెనక నుంచి అరవకూడదు, భుజం మీద చెయ్యి వెయ్యాలి, ఎదురుగా వచ్చి చెప్పాలి. ఎవరూ దాన్ని దయగా అనుకోలేదు. ఆ బడిలో అది అలవాటైపోయింది. చెప్పులు బయట విడవడం ఎలాగో అదీ అలాగే. మా అమ్మాయి పక్కన కూర్చునే ఒక వడ్రంగి గారి కూతురైతే, వాళ్లింట్లో వాళ్ల నాన్నను కూడా భుజం తట్టి ఎదురుగా వచ్చి మాట్లాడేదట.

అన్నీ ఇంత సజావుగా సాగాయని కాదు. ఒక పెద్దమనిషి, అదే తరగతిలో చదివే కుర్రాడి తండ్రి, ఒక శనివారం వరండాలోకి వచ్చి గట్టిగా మాట్లాడాడు. నేను వెనక బెంచీలోనే ఉన్నాను.

"టీచరు గారూ, ఒక చెవిటి పిల్ల కోసం తరగతంతా నత్తనడక నడిపిస్తే ఎలాగండి? మా వాడు ఎప్పుడు ఇంగ్లీషు నేర్చుకునేది?"

లేవబోయాను. టీచరమ్మ నాకేసి చూసి కూర్చోమన్నట్టు చెయ్యి చూపింది.

"లోపలికొచ్చి ఒక గంట కూర్చోండి నాయనా. నెమ్మదిగా నడుస్తోందో లేదో మీరే చూసి చెప్పండి."

ఆయన కూర్చున్నాడు కూడా. గంట తర్వాత చెప్పులు వేసుకుని వెళ్లాడు. తర్వాతి నెల్లో కొడుకును మాన్పించి వేరే కాన్వెంటులో వేశాడు. ఆమె టీసీ తన చేత్తోనే రాసిచ్చి, "అది కూడా మంచి బడేనండి, లెక్కలు బాగా చెప్తారు" అంది. నాకు మింగుడు పడలేదు. అంత మాటన్నవాడికి అంత మర్యాద ఏంటని అడిగాను.

"వాడు నా దగ్గర రెండేళ్లు చదివిన పిల్లాడండి. కొత్త బడికి పోతూ బడి మీద కోపంతో పోతాడా పాపం?" అంది.

ఆమెలో నాకు నచ్చనివి కూడా ఉండేవి. వార్షికోత్సవాలంటే గిట్టదు. పిల్లల చేత డాన్సులు వేయించదు. మా ఆవిడ ఎంత అడిగినా టై పెట్టనివ్వలేదు, "ఈ ఎండల్లో మెడకు ఉరి ఎందుకమ్మా" అనేది. పెన్సిలు నమిలితే మెటికల మీద స్కేలుతో ఒక్కటి తగిలించేది. ఆ స్కేలు చూసినప్పుడే ఒకరోజు నా లోపలున్నది బయటపెట్టాను. అప్పుడు పిల్లలు వెళ్లిపోయారు, ఆమె నోటుపుస్తకాలు దిద్దుకుంటోంది.

"టీచరు గారూ, నేను పాపను కొట్టానండి. వినపడక పలకలేదని తెలియక, మొండితనమనుకుని. ఒకసారి కాదు."

ఆమె ఎర్ర పెన్ను పక్కన పెట్టింది.

"నేనూ కొట్టానండి" అంది. "ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, చిన్న తరగతుల్లో మగపిల్లల్నీ చేర్చుకునే రోజుల్లో, ఒక పిల్లాడు ఉండేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. లెక్కలేనన్ని సార్లు కొట్టాను. నాలుగో తరగతిలోనే మానేశాడు. చాలా ఏళ్ల తర్వాత బజార్లో కనిపించాడు, పెళ్లయింది. వెనక నుంచి పిలిచాను. పలకలేదు. ఇంకా కోపం పెట్టుకున్నాడనుకున్నా. పక్కనున్న వాళ్లావిడ చెప్పింది, 'ఆయనకు చిన్నప్పటి నుంచి వినపడదండి' అని. ఆ పిల్లాడు నన్ను గుర్తుపట్టి దణ్ణం పెట్టాడు. నాకు నిలబడ్డచోట భూమి చీలితే బాగుండుననిపించింది. అప్పటి నుంచి పలకని పిల్ల కనపడితే ముందు చెవి చూస్తాను, తర్వాతే బుద్ధి."

కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ ఎర్ర పెన్ను తీసుకుంది. ఊరడింపు మాటలేవీ చెప్పలేదు. కానీ ఆ రోజు బడి మెట్లు దిగుతుంటే నా గుండె కొంచెం తేలికైంది. అంతటి మనిషి తన తప్పును అంత సూటిగా ఒప్పుకోవడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. అది ఆమెను నా దృష్టిలో తగ్గించలేదు సరికదా, ఇంకో మెట్టు ఎక్కించింది.

అయిదో తరగతి అయ్యేసరికి నాకు తెనాలి బదిలీ వచ్చింది. అప్పటికి తొంభైలు నడుస్తున్నాయి. తెనాలిలో స్కూళ్లు రెట్టింపయ్యాయి. ర్యాంకుల ఫొటోలతో గోడలు నిండిపోయి ఉండేవి. మళ్లీ అదే వెతుకులాట. ఈసారి నేను గోడల మీద రాతలు చదవలేదు. సెలవు పెట్టి మూడు స్కూళ్లకు వెళ్లి, తరగతి గదుల కిటికీల దగ్గర నిలబడి, టీచర్లు ఎటు తిరిగి మాట్లాడుతున్నారో చూశాను. ఒక చోట వాచ్‌మన్ నన్ను బయటకు పంపించాడు. ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే మేడమ్ బోర్డు మీద బొమ్మ గీయడం పూర్తి చేసి, చేతులు దులుపుకుని, అప్పుడు తిరిగి మాట్లాడింది. అది మాకు అందుబాటులో ఉన్న మామూలు ప్రైవేటు స్కూలు. దానికి పెద్ద పేరేమీ లేదు. అప్లికేషను తీసుకున్నాను.

టీచరమ్మ ఆ స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌కు ఒక ఉత్తరం రాసిచ్చింది. పిల్ల ఎటువైపు కూర్చుంటే మంచిది, ఏమేం వచ్చు, ఎక్కడ వెనకబడుతుంది, అన్నీ. దాన్ని జేబులో పెట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. ఆమె మొహం చీకటిగా ఉంది, పెదాలు కనపడవు. ఆమె ఏదో అడిగింది. నేను ఉత్తరం తీయబోయాను.

మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. లేచి నిలబడి, "మేడమ్, నాకు ఎడమ చెవి సరిగా వినపడదండి. మీ మొహం మీద వెలుతురు లేదు. కుర్చీ కొంచెం ఇటు జరుపుకుంటారా?" అంది.

పదేళ్ల పిల్ల. గొంతులో బెరుకు లేదు. హెడ్‌మిస్ట్రెస్ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వి, కుర్చీ తనే ఎత్తి పక్కకు పెట్టుకుంది. ఆ తర్వాత పావుగంట వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. నా అవసరం రాలేదు. సీటు ఇచ్చారు. బయటకొచ్చాక మా అమ్మాయి ఆకలేస్తోందంది. స్టేషన్ రోడ్డులో ఇడ్లీ తింటూ, "అంత ధైర్యంగా అడగమని ఎవరు చెప్పారు?" అని అడిగాను.

"ఎవరూ చెప్పలేదు అబ్బా. వినపడకపోతే అడగాలి కదా?" అంది, అదో పెద్ద విషయం కానట్టు.

మా అమ్మాయి ఆ స్కూల్లో పది పాసైంది. తర్వాత డిగ్రీ చేసింది. ఇంగ్లీషు మాత్రం వాళ్లమ్మ కలలు కన్నంత ఏమీ రాలేదు. కానీ మా వీధిలో ఎవరికి అర్జీ రాయాలన్నా, ఆఫీసులో ఎవరితో మాట్లాడాలన్నా తననే తీసుకెళ్లేవారు.

సీటు వచ్చిన తర్వాతి ఆదివారమే చెప్పిరావడానికి బాపట్ల వెళ్లాను. టీచరమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, తెల్ల చీర ఇంకా మడత నలగలేదు. వానలు ముంచుకొస్తున్నాయని పాకల మీద కొత్త తాటాకు కప్పిస్తోంది. పాతాకు దించి దొడ్డంతా పరిచారు. పిల్లల బెంచీలు ఆరుబయట ఉన్నాయి. నేను చెప్పిందంతా నిలబడి విన్నది. ఉత్తరం అక్కర్లేకపోయిందని చెప్తే, "అయ్యో, అంత కష్టపడి రాశానే" అని గట్టిగా నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియలేదు. రెండు మూడు మాటలు కూడబలుక్కుని మొదలుపెట్టాను. ఆమె ఆకాశం కేసి చూసింది.

"మబ్బు పట్టిందండి. బెంచీలు తడుస్తాయి. ఆ చివర మీరు పట్టుకోండి" అంది.

నేను చెప్పులు విడిచి, బెంచీ రెండో చివర పట్టుకున్నాను.